ఉండకూడని చోట గీత

మా అమ్మ జన్మలో బీడీ ముట్టలేదు. చుట్ట ముట్టలేదు, ఖైనీ ముట్టలేదు. ఈ మాట ఆమె నలుగురు డాక్టర్లకు చెప్పింది. నలుగురూ తలాడించి, వాళ్ళు రాసుకోవాలనుకున్నదే రాసుకున్నారు.

మాది పోర్ట్‌బ్లెయిర్‌లో జంగ్లీఘాట్. స్వాతంత్ర్యం వచ్చాక సర్కారు చేపలు పట్టేవాళ్ళకు దీవుల్లో చోటిస్తోందని విని మా తాత శ్రీకాకుళం తీరం నుంచి ఓడెక్కి వచ్చాడట. నాన్న ఇక్కడే పుట్టాడు. అమ్మది కూడా అలా వచ్చిన కుటుంబమే. నాన్న వేటకు వెళ్ళి వస్తే అమ్మ రేవు దగ్గర కూర్చుని చేపలు అమ్మేది. మిగిలినవాటికి ఉప్పు పట్టించి ఎండబెట్టేది. వంటంతా కట్టెల పొయ్యి మీదే. వానలు మొదలైతే ఆరు నెలలు తడికట్టెలే గతి, వంటింటికి ఒకటే కిటికీ. ఇంట్లో పొగతాగే మనిషి ఒక్కతే ఉండేది, మా నానమ్మ. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని అడ్డచుట్ట కాల్చేది. ఎనభై దాటాక కూడా నెత్తిన తట్టతో రేవు నుంచి మా ఇంటి ఎత్తు వరకూ ఆగకుండా ఎక్కి వచ్చేది. ఆయాసపడింది అమ్మ.

నేను అప్పటికి విశాఖపట్నంలో ఎమ్మెస్సీ చదువుతున్నాను. బడిలో హిందీ మీడియం, కాలేజీలో ఇంగ్లిషు. తెలుగు మాట్లాడటమే తప్ప రాయడం హాస్టల్లో తోటి అమ్మాయిల దగ్గర నేర్చుకున్నాను. అమ్మకు దగ్గు తగ్గడం లేదని నాన్న ఫోన్ చేసినప్పుడల్లా టీబీ మందులు వాడుతున్నామనే చెప్పేవాడు. కఫంలో క్రిములు ఒక్కసారి కూడా కనిపించలేదు. అయినా ఆరు నెలలు ఆ మాత్రలే మింగించారు. చివరికి దగ్గులో నెత్తురు పడితే నాన్న ఆమెను మూడు రోజులు ఓడలో కూర్చోబెట్టి విశాఖ తీసుకొచ్చాడు. ఊపిరితిత్తిలో గడ్డ ఉందన్నారు. ముక్క తీసి పరీక్షకు పంపారు. క్యాన్సర్.

ఆ ఫలితం వచ్చిన రెండోరోజు మధ్యాహ్నం మంచం కొసన వేలాడుతున్న కేస్‌షీట్ తీసి చదువుతున్నాను. అమ్మ చూసింది.

"ఏటి రాసినారే?"

జబ్బు పేరు చెప్పకుండా దాటేద్దామని, వయసు, బరువు, ఊరు చదివాను. తర్వాతి మాట దగ్గర ఆగిపోయాను. దీర్ఘకాలంగా బీడీ అలవాటు, అని ఉంది ఇంగ్లిషులో. అమ్మ వదల్లేదు. చెప్పేశాను.

ఆమె మంచం దిగింది. నేను పట్టుకోబోతే చేయి విదిలించుకుంది. ఒక చేత్తో గోడ పట్టుకుని వార్డు చివరనున్న డాక్టర్ల గదిదాకా నడిచింది. ఆ కాగితం పట్టుకుని నేను వెనకే వెళ్ళాను. కుర్రడాక్టరు టీ తాగుతున్నాడు. తాను పొగతాగనని చెప్పి, రాసింది కొట్టేయమని అడిగింది. ఆయన మర్యాదగానే చెప్పాడు, అది ఇప్పుడు అంత ముఖ్యం కాదు, తాగినా తాగకపోయినా వైద్యం ఒకటే అని.

"నాకు ముఖ్యమే బాబూ," అంది అమ్మ. "రేపు నాను ఉండను. ఈ కాయితం ఉంటాది. అబద్ధం ఉండకూడదు."

ఆయన టీ కప్పు పక్కన పెట్టి, నా చేతిలోంచి కాగితం తీసుకుని, ఆ వాక్యం మీద గీత కొట్టి పక్కన సంతకం చేశాడు. అమ్మ ఆ గీతను నాకు చూపించి, సరిగ్గా ఆ మాట మీదే కొట్టాడా అని అడిగి, నేను అవునన్నాకే వెనక్కి తిరిగింది. తిరుగు దారిలో మూడుసార్లు కూర్చుంది.

ఆ ఆసుపత్రిలోనే కణజాల పరీక్షలు చేసే డాక్టరమ్మ ఒకామె ఉండేది. నేను సైన్సు విద్యార్థినని తెలిసి, అమ్మ గడ్డలోంచి తీసిన ముక్కను మైక్రోస్కోపు కింద నాకు చూపించింది. పక్కపక్కనే ఒద్దికగా ఉండాల్సిన కణాలు ఒకదాన్నొకటి వదిలేసి చెల్లాచెదురుగా ఉన్నాయి. పొగతాగని ఆడవాళ్ళ ముక్కలు తన దగ్గరికి ఇలా వస్తూనే ఉంటాయనీ, వచ్చిన ప్రతిసారీ, పొగ అలవాటు దాచిపెడుతున్నారేమో గట్టిగా అడగండి అని ఎవరో ఒకరు వార్డుకు రాస్తారనీ చెప్పింది. అమ్మను మళ్ళీ ఇంటికి తీసుకెళ్ళాం. తర్వాతి వానాకాలం సగంలో జంగ్లీఘాట్ ఇంట్లోనే పోయింది.

పీహెచ్‌డీకి హైదరాబాదులో ఒక పరిశోధనశాలలో చేరాను. ఊపిరితిత్తుల క్యాన్సర్ మీద పనిచేస్తున్నది అక్కడొకరే. నాకు గైడుగా దొరికిన ఆయనది ఆ రంగంలో పెద్ద పేరు. ఆ పేరు ఒకే ఒక ప్రోటీన్ మీద నిలబడింది. కణితి కణాల్లో ఆ ప్రోటీన్ విపరీతంగా పెరుగుతుందనీ, కణితి పాకడానికి అదే కారణమనీ, దాన్ని అడ్డుకునే మందు కనిపెడితే క్యాన్సర్‌ను ఆపవచ్చనీ ఆయన పదేళ్ళకు పైగా చెబుతున్నారు. ఇంటర్వ్యూలో నన్ను ఎందుకు ఈ విషయమే అని అడిగితే మా అమ్మ సంగతి చెప్పాను. పొగతాగనివాళ్ళ కణితుల్లో ఆ ప్రోటీన్ ఏం చేస్తుందో చూడు అన్నారు. అలా నా థీసిస్ మొదలైంది.

ఆయన చెడ్డమనిషి కాడు. ఈ మాట ముందే చెప్పాలి. నేను దీవుల నుంచి వచ్చానని తెలిసి, అక్కడ అడవి మనుషులే కదా ఉండేది అని ల్యాబ్‌లో ఒకరు నవ్వితే, ఆయన ఆ నవ్విన మనిషిని గోడమీది పటంలో పోర్ట్‌బ్లెయిర్ ఎక్కడుందో వెతికి చూపించమన్నారు. నాకు చేతిపని నేర్పింది ఆయనే. పైపెట్ పట్టుకునేటప్పుడు నా బొటనవేలు వణుకుతుంటే తన చెయ్యి పెట్టి సరిచేశారు.

మా పనిని మా నాన్నకు చెప్పినట్టే ఇక్కడా చెబుతాను. కణాలను నలిపి వాటిలోని ప్రోటీన్లన్నీ బయటికి తీస్తాం. ఒక పల్చటి జిగురుపలక గుండా కరెంటుతో వాటిని కిందికి పరిగెత్తిస్తాం. తేలికవి కిందికి పోతాయి, బరువైనవి పైనే ఆగుతాయి. ఆ తర్వాత యాంటీబాడీ పోస్తాం. అది వందల ప్రోటీన్లలో మనకు కావలసిన ఒక్కదాన్నే వెతికి అంటుకోవాలి. అంటుకున్నచోట ఫిల్ము మీద నల్లటి గీత పడుతుంది. గీత లావుగా ఉంటే ప్రోటీన్ ఎక్కువ, సన్నగా ఉంటే తక్కువ. మా ల్యాబ్ పేరంతా ఆ గీతే.

ఆ గీత ఉండాల్సినదానికంటే కొంచెం కింద పడుతుందని నేను మొదటి సంవత్సరమే గమనించాను. సీనియర్లను అడిగితే, ప్రోటీన్ విరిగిన ముక్క అది, అందరికీ తెలిసిందే అన్నారు. అందరికీ తెలిసినదాన్ని నేనూ తెలుసుకున్నాను. రెండేళ్ళు అలాగే నడిచింది.

మూడో ఏడు నేను ఆ ప్రోటీన్‌కు మూలమైన జన్యువునే కత్తిరించేసిన కణాలు తయారుచేశాను. జన్యువు లేకపోతే ప్రోటీన్ తయారు కాదు. ప్రోటీన్ లేకపోతే గీత పడకూడదు. ఫిల్ము కడిగి వెలుతురుకు ఎత్తి చూస్తే గీత ఉంది. మామూలు కణాల్లో ఎంత నల్లగా ఉంటుందో అంత నల్లగా.

నా చేతిలోనే ఏదో తప్పు జరిగిందనుకున్నాను. కణాలు కలిసిపోయాయేమోనని మళ్ళీ మొదటి నుంచి పెంచాను. గీత పడింది. జన్యువు నిజంగా తెగిందా అని దాని అక్షరక్రమం చదివించాను. తెగింది. మళ్ళీ చేశాను. గీత పడింది. అప్పుడు వేరే చోట తయారైన ఇంకో యాంటీబాడీ తెప్పించాను. ఈసారి గీత పైన పడింది, ప్రోటీన్ బరువుకు తగినచోట. జన్యువు తెగిన కణాల్లో ఆ గీత పూర్తిగా మాయమైంది. అంటే మా పాత సీసాలో ఉన్నది ఇన్నేళ్ళూ వేరే ఏదో ప్రోటీన్‌ను పట్టుకుంటోంది. మేం దానికి పేరు తప్పుగా పెట్టుకున్నాం.

కొత్త యాంటీబాడీతో కణితి ముక్కలు చూస్తే అసలు ప్రోటీన్ కణితుల్లో పెరగలేదు, తగ్గింది. గిన్నెలో చాపలా పరుచుకుని పెరిగిన కణాల మధ్య ఒక గాటు పెట్టి వదిలేశాను. మామూలు కణాలు గాటును మెల్లగా పూడ్చుకుంటాయి. ఈ ప్రోటీన్ లేని కణాలు ఒకదాన్నొకటి వదిలేసి పరుగెత్తినట్టు మర్నాటికల్లా దాన్ని దాటేశాయి. అది క్యాన్సర్‌ను పాకించే ప్రోటీన్ కాదు. కణాలను పట్టి ఉంచేది. దాన్ని అడ్డుకునే మందు కనిపెడితే జబ్బు ఇంకా పాకవచ్చు. కుర్చీలో కూర్చుని ఆ మాట నాలో నేనే రెండుసార్లు అనుకున్నాను, నాకే భయం వేసింది.

గైడు గదికి ఫిల్ములన్నీ పట్టుకెళ్ళాను. ఆయన ఒక్కొక్కటీ కిటికీకి ఎత్తి చూశారు. మళ్ళీ చెయ్యమన్నారు. చేశాను. ఇంకోసారి అన్నారు. అదీ చేశాను. నాలుగోసారి తీసుకెళ్ళినప్పుడు ఫిల్ము చూడలేదు. కూర్చోమన్నారు. నా పనిలో మిగతా మూడు అధ్యాయాలు బాగున్నాయనీ, డిగ్రీకి అవి చాలుననీ అన్నారు.

"ఈ బొమ్మ తీసేయమ్మా. దీన్ని తర్వాత నిదానంగా చూద్దాం."

"మిగతా మూడు అధ్యాయాల్లోనూ పాత యాంటీబాడీయే ఉంది సార్. ఇది తీసేస్తే అవన్నీ అబద్ధం అవుతాయి."

ఆయన ఫిల్ములను నా వైపు జరిపారు. తర్వాత మెల్లగా అన్నారు, అమ్మ పోయిన బాధతో నేను ఈ పనిని చూస్తున్నాననీ, పొగతాగనివాళ్ళ క్యాన్సర్ వేరే అని నిరూపించాలన్న పట్టుదల కళ్ళకు అడ్డం పడుతోందనీ. అది నాకు తగిలింది. ఏ ఫిల్ము చూసినా రాని కోపం ఆ మాటకు వచ్చింది.

"ఫిల్ముకి మా అమ్మ ఎవరో తెలియదు సార్," అన్నాను. లేచి వచ్చేశాను.

ఆ అధ్యాయం ఉంటే థీసిస్ మీద సంతకం పెట్టనని కబురు చేశారు. నేను ఆ అధ్యాయాన్ని మొదటికి తెచ్చి రాశాను. నాలుగో అధ్యాయంగా ఉన్నది ఒకటో అధ్యాయం అయింది. ఇప్పుడు ఆలోచిస్తే అది కొంత పొగరే. కానీ దాన్ని వెనక ఎక్కడో పెడితే చదివేవాళ్ళు అంతదూరం రాకుండానే ఆగిపోతారనిపించింది. ల్యాబ్‌లో నాతో కలిసి భోంచేసేవాళ్ళు వేరే బల్ల వెతుక్కున్నారు. వాళ్ళను తప్పుపట్టను. వాళ్ళ థీసిస్‌లు కూడా ఆ సీసాలోంచే వచ్చాయి.

సంతకం లేకుండా ఐదు నెలలు గడిచాక ఇంటికి వెళ్ళాను. నాన్న అప్పటికి వేట మానేసి ఊరి శివారు గరాచర్మలో చిన్న ఇల్లు కట్టుకుని, పడవ ఇంజన్లు బాగుచేసే షెడ్డులో పనికి వెళ్తున్నాడు. ఒక సాయంత్రం షెడ్డు బయట కూర్చుని సంగతంతా చెప్పాను. చేతులు తుడుచుకుంటూ చివరిదాకా విన్నాడు. నన్ను మెచ్చుకుంటాడని నాకెక్కడో ఆశ ఉంది.

"ఆ సార్ బడా ఆద్మీ," అన్నాడు. "ఒక బొమ్మ తీసీమంటే తీసీయ్, ఖతమ్. డిగ్రీ వచ్చినాక నీకు నచ్చింది రాసుకో. అప్పుడెవులు ఆపుతారు?"

"డిగ్రీ వచ్చాక నేనే రాయను నాన్నా. వచ్చింది కదా అని ఊరుకుంటాను."

ఆయనకు అది అర్థంలేని మొండితనంగా తోచింది. నాలుగు రోజులు మా మధ్య మాటల్లేవు. అన్నం పెట్టుకుని ఎవరి కంచం వాళ్ళు కడుక్కున్నాం. తిరిగి వెళ్ళే రోజున లంబాలైన్ దాకా ఆటోలో వచ్చి, ఎయిర్‌పోర్టు గేటు దగ్గర నా సంచి అందించాడు.

"పాస్ అయినా ఫెయిలైనా ఇక్కడికే రా," అన్నాడు. నేను చెప్పినదాన్ని మాత్రం ఒప్పుకోలేదు.

హైదరాబాదు వెళ్ళగానే నా పనిని ఏటేటా చూసే కమిటీకి ఉత్తరం రాశాను. నా గైడు తప్పు చేశారని రాయలేదు. నేను చెప్పేది తప్పయితే దాన్ని పట్టుకోవడం సులభం అని రాశాను. ఏ గొట్టంలో ఏముందో నాకు తెలియకుండా కణాలు ఇవ్వండి, మీ కళ్ళముందు చేస్తాను, గీత ఎక్కడ పడితే అక్కడే నిలబడతాను అన్నాను. వారం గడిచాక జవాబు కమిటీ నుంచి కాదు, గైడు నుంచే వచ్చింది. తానే ఇస్తానన్నారు.

ఎనిమిది చిన్న గొట్టాలు, కొన్నింట్లో మామూలు కణాలు, కొన్నింట్లో జన్యువు తెగినవి. వాటి మీద ఆయన చేతిరాతతో ఒకటి నుంచి ఎనిమిది దాకా అంకెలు. ఏది ఏదో రాసుకున్న కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నారు. పొద్దున తొమ్మిదికి మొదలుపెట్టాను. ఆయన పక్కనే స్టూలు వేసుకుని కూర్చున్నారు. రెండు రోజులు ఆయన ఏ మీటింగుకూ వెళ్ళలేదు. మధ్యలో ఒకసారి నా భుజం మీదుగా వంగి, జిగురుపలకకు కరెంటు ఎక్కువ పెట్టావేమో అన్నారు. తగ్గించాను. మేం మాట్లాడుకున్నది అంతే.

రెండోరోజు మధ్యాహ్నం డార్క్‌రూమ్‌లోకి ఇద్దరం వెళ్ళాం. ముందు పాత యాంటీబాడీ ఫిల్ము కడిగాం. ఎనిమిదింట్లోనూ గీత ఉంది. తర్వాత కొత్తది. రెండు, మూడు, ఐదు, ఎనిమిది ఖాళీ. బయటికి వచ్చి ఫిల్మును బల్లమీద పరిచి, ఆ నాలుగు అంకెలూ గట్టిగా చదివాను. ఆయన జేబులోంచి కాగితం తీశారు. విప్పి నాకు ఇవ్వలేదు. తానే చాలాసేపు చూసుకున్నారు. ఆయన చూసుకుంటున్నంతసేపూ నాకు గెలిచానన్న సంతోషం రాలేదు. పైపెట్ మీద నా బొటనవేలిని సరిచేసిన చెయ్యి ఆ కాగితాన్ని పట్టుకుని ఉంది.

"రెండు, మూడు, ఐదు, ఎనిమిది," అన్నారు చివరికి. "పదకొండుమందికి డిగ్రీ ఇప్పించాను దీంతో."

నేను రెండు ఫిల్ముల మీదా తేదీ రాశాను. ఆ సాయంత్రమే సంతకం పెట్టారు. ఆ అధ్యాయం ఒకటోదిగానే ఉంది.

వైవాకు హాలు నిండింది. నా పని వినడానికి కాదు, ఏం జరుగుతుందో చూడటానికి. బొమ్మలన్నీ చూపించాక వెనక వరసలోంచి ఎవరో లేచి, అయితే ఈ ల్యాబ్ ఇంతకాలం చెప్పింది తప్పంటారా అని అడిగారు. గైడు ముందు వరసలోనే కూర్చుని ఉన్నారు. తప్పించుకుని చెప్పడానికి మాటలు నా దగ్గర సిద్ధంగా ఉన్నాయి. మరింత పరిశోధన అవసరం అనొచ్చు, పరిస్థితులు వేరు అనొచ్చు. ముందురోజు వాటిని అద్దం ముందు సాధన కూడా చేశాను.

"అవును," అన్నాను. "ఆ యాంటీబాడీతో చెప్పినదంతా తప్పే. నా మొదటి రెండేళ్ళ పని కూడా."

హాలు కదిలింది. ఇంకో ప్రశ్న వచ్చేలోపు గైడు లేచి వెనక్కి తిరిగారు. ఆ ప్రశ్న తనను అడగాల్సిందని, ఆ అమ్మాయిని కాదని, ఎవరికైనా సందేహం ఉంటే తన గదికి రమ్మని చెప్పి మళ్ళీ కూర్చున్నారు. ఆయన గదికి ఎవరూ వెళ్ళలేదని తర్వాత తెలిసింది.

అంతా మంచిగా ముగిసిందని చెప్పను. డిగ్రీ వచ్చింది. ఈ ఫలితాలతో నేను అచ్చుకు పంపిన వ్యాసంలో ఆయన తన పేరు వద్దన్నారు. నేను ఉండాలన్నాను. ఆయన వినలేదు. పాత వ్యాసాలను మాత్రం వెనక్కి తీసుకోలేదు. తీసుకోవాలని నేను రెండుసార్లు రాశాను, ఒకసారి వెళ్ళి అడిగాను. అన్నిటినీ ఒకేసారి కూల్చే ధైర్యం తనకు లేదన్నారు. నిజం చెప్పినందుకు ఆయన మీద గౌరవం తగ్గలేదు, ఆ పని చేయనందుకు కోపం కూడా తగ్గలేదు. ఆ రెండూ ఇప్పటికీ పక్కపక్కనే ఉన్నాయి. ఉద్యోగానికి నేను వెళ్ళిన మూడు చోట్ల, గైడుతో గొడవ పడ్డ మనిషి అనే మాట నాకంటే ముందే చేరింది. నాలుగోచోట ఒకామె ఆ మాట విని, అయితే ఆ ఫిల్ములు తీసుకుని రండి చూద్దాం అంది. పద్నాలుగేళ్ళుగా అక్కడే పనిచేస్తున్నాను.

ఆ పాత యాంటీబాడీ ఇంకా అమ్ముతున్నారు. దానితో చేసిన వ్యాసాలు ఇంకా వస్తున్నాయి. కొన్నింటిలో ఆ ప్రోటీన్‌ను అడ్డుకునే మందును ఎలుకలకు ఇచ్చి చూస్తున్నారు. ఎలుకల తర్వాత మనుషులే. అందుకని అలాంటి వ్యాసం కనిపించిన ప్రతిసారీ రాసినవాళ్ళకు ఉత్తరం పెడతాను. నా ఫిల్ము జతచేస్తాను, జన్యువు తెగిన కణాలు కావాలంటే పంపుతానంటాను. కొందరు అడిగి తెప్పించుకుంటారు. ఒకరిద్దరు ధన్యవాదాలు చెప్పి తమ వ్యాసం సరిచేసుకున్నారు. ఎక్కువమంది జవాబివ్వరు. ఈమధ్య ఒకాయన, మా ఫలితాలు మాకు బాగానే వచ్చాయి, మీరు ఇక రాయకండి అని ఒక్క వాక్యంలో తేల్చేశాడు.

మర్నాడు పొద్దున ల్యాబ్‌కి వెళ్ళగానే ఆయనకు మళ్ళీ రాశాను. ఈసారి ఆయన వ్యాసం అచ్చువేసిన పత్రిక సంపాదకులకు కూడా ఒక ప్రతి పెట్టాను.